సమీపం అంటే ఎంత దూరం? ఇల్లయిన బండికి బ్రేక్‌డౌన్ రక్షణ

వంటా పడకా లోపలే సాగేలా అమర్చిన వాహనాన్ని పాశ్చాత్య దేశాల్లో మోటర్‌హోమ్ అనీ, మన దేశంలో ఎక్కువగా కారవాన్ అనీ అంటారు. వీటి నిర్మాణానికి ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. కేరళ ప్రభుత్వం 2021లో వీటినే ఆధారం చేసుకొని ‘కేరవాన్ కేరళ’ పేరుతో ఒక పర్యాటక విధానాన్ని ప్రకటించింది. ఉత్తర తెలంగాణ రోడ్ల మీద కంపెనీ కారవాన్ కనిపించడం అరుదే అయినా, బండినే ఇల్లు చేసుకొని మూడు నాలుగు రోజులు గడిపే అలవాటు ఈ ప్రాంతానికి చాలా పాతది. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు, పుష్య అమావాస్యతో కేస్లాపూర్‌లో మొదలయ్యే నాగోబా జాతరకు, సంక్రాంతినాటి కొత్తకొండ వీరభద్రస్వామి జాతరకు ఎడ్లబండ్ల మీద గూడు కట్టుకొని, బియ్యం, పప్పు, చాపలు, పిల్లాపాపలతో బయలుదేరి, ఎడ్లను విప్పిన చోటే పొయ్యి రాజేసిన కుటుంబాల వారసులు ఇప్పుడు వ్యాన్‌లో గ్యాస్ పొయ్యి, సీట్ల నడుమ పరుపు, టాపు మీద టార్పాలిన్ పెట్టుకొని అవే దారుల్లో వెళ్తున్నారు. గూడుబండి కచ్చురం పోయి ట్రావెలర్ వ్యాన్ వచ్చింది గాని, నడిదారిలో ఇరుసు విరిగితే ఏం చేయాలన్న ప్రశ్న ఎక్కడికీ పోలేదు.

ఆ ప్రశ్నకు పాతకాలపు పల్లె దగ్గర ఒక జవాబు ఉండేది. వడ్రంగి, కమ్మరి ఏడాది పొడవునా రైతు నాగలినీ బండినీ బాగుచేస్తూ, ప్రతి పనికీ వేరుగా కూలి అడగకుండా, పంట నూర్చినప్పుడు కల్లం దగ్గర తమ వాటా గింజలు కొలిపించుకునేవారు. మేర అని పిలిచిన ఆ వాటాను, ఆ ఏడు బండి ఒక్కసారి కూడా విరగకపోయినా ఇవ్వవలసిందే. ఇవాళ ‘బ్రేక్‌డౌన్ కవర్’ అనీ ‘రోడ్‌సైడ్ అసిస్టెన్స్’ అనీ అమ్ముతున్నది దాదాపు ఇదే ఏర్పాటు: ముందుగా ఏడాదికింత అని చెల్లిస్తే, బండి దారిలో మొరాయించినప్పుడు మెకానిక్కునో క్రేన్‌నో పంపుతామని అవతలివారు మాట ఇస్తారు. తేడా ఎక్కడంటే, మేర తీసుకునే వడ్రంగికి ఆ బండి పుట్టుపూర్వోత్తరాలు తెలుసు, ఫోను ఎత్తే కాల్ సెంటరుకు తెలియవు. అందుకే బండి బరువెంత, పొడవెంత, ఎక్కడిదాకా లాగాలి, లోపలి మనుషుల సంగతేమిటి అన్నవన్నీ ఇప్పుడు కాగితం మీద ఉండాల్సి వస్తోంది.

‘బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా’ అన్న ధీమా ఈ విషయంలో ఎక్కువమందిని మోసం చేస్తుంది. మోటారు బీమాలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి 1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండివల్ల ఇతరులకు కలిగిన నష్టానికి పరిహారం. రెండోది ప్రమాదం, దొంగతనం, అగ్ని, వరద వంటి వాటివల్ల మన బండికే కలిగిన నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ బీమా. ఈ రెండూ కలిసినదాన్నే ప్యాకేజీ పాలసీ అంటారు, జనం నోట అదే ‘ఫుల్ ఇన్సూరెన్స్’. కాని ఆ ప్యాకేజీ పాలసీ నిబంధనల్లోనే అరుగుదలకూ, యాంత్రిక లేదా విద్యుత్ వైఫల్యానికీ పరిహారం ఉండదని స్పష్టంగా రాసి ఉంటుంది. క్లచ్ ప్లేటు కాలిపోవడం, ఆల్టర్నేటర్ చచ్చిపోవడం, గేరుబాక్సు పట్టేయడం, అంటే సాధారణంగా బండి ఆగిపోయే కారణాలన్నీ ఈ మినహాయింపులోకే వస్తాయి. పాలసీలో కారును సమీప మరమ్మతుదారు వద్దకు చేర్చే ఖర్చు భరిస్తామన్న వాక్యం కూడా ఉంటుంది, దాన్ని చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. అయితే అది పాలసీ కిందికి వచ్చే నష్టం జరిగినప్పుడే వర్తిస్తుంది, పైగా దేశవ్యాప్తంగా అమలైన ప్రామాణిక పాలసీలో ఆ ఖర్చుకు కారు విషయంలో పెట్టిన గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రమాదానికి 1,500 రూపాయలు. అడవి దారిలో రాత్రిపూట వచ్చిన క్రేన్ ఆ డబ్బుతో ఎంత దూరం లాగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కాబట్టి బ్రేక్‌డౌన్ రక్షణను విడిగా సంపాదించుకోవాలి. అది దొరికే తావులు ప్రధానంగా మూడు. కొత్త బండికి వారంటీ కాలంలో తయారీ కంపెనీ ఇచ్చేది ఒకటి. ఓన్ డ్యామేజ్ బీమాకు కొంత అదనపు ప్రీమియంతో జోడించుకునే యాడ్-ఆన్ రెండోది. బీమాతో నిమిత్తం లేకుండా సభ్యత్వం అమ్మే సేవా సంస్థలది మూడోది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న పాత వ్యాన్‌కు యాడ్-ఆన్ దొరకదు, కనుక ఆ యజమానికి మూడోదే దిక్కు. వీటికి తోడు జాతీయ రహదారుల మీద 1033 నంబరు ఉంది. దానికి ఫోన్ చేస్తే రహదారి గస్తీ వాహనమో క్రేన్‌నో వస్తుంది. కాని ఆ సేవ ఉద్దేశం రాకపోకలకు అడ్డం లేకుండా బండిని రోడ్డు మీంచి తొలగించడం, బండిని బాగుచేయించి యజమానిని ఊరు చేర్చడం కాదు. దాన్ని రక్షణ పథకానికి బదులుగా లెక్కవేసుకోవడం పొరపాటు.

ఏ పథకంలోనైనా పంచరు, బ్యాటరీ దిగిపోతే జంప్ స్టార్ట్, డీజిల్ అయిపోతే కొన్ని లీటర్లు తెచ్చి పోయడం, తాళంచెవి లోపల ఉండిపోతే తలుపు తీయించడం వంటివి ఉంటాయి. డీజిల్ ధర, విడిభాగాల ధర యజమానివే. కరపత్రంలో పెద్ద అక్షరాలతో అచ్చయ్యేవి ఇవే గాని, ఉత్తర తెలంగాణలోని హుస్నాబాద్‌లోనో కోహెడలోనో ఇవన్నీ చేసిపెట్టే మెకానిక్ షెడ్డు పిలుపు దూరంలోనే ఉంటుంది. రక్షణ పథకానికి అసలు విలువ షెడ్డు చేయలేని పని వచ్చినప్పుడు తెలుస్తుంది, ఆ పని దూరం లాగడం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాల తర్వాత డీజిల్ ఇంజిన్ నిండా సెన్సర్లు, పొగను శుద్ధిచేసే పరికరాలు చేరాయి. పెద్ద ఇంజిన్లలో పొగగొట్టంలోకి చిమ్మే డీఈఎఫ్ అనే ద్రావణం అయిపోయినా ఇంజిన్ మొరాయించేలా కంప్యూటరు అడ్డుపడుతుంది. నాజిల్ విప్పి ఊది బిగించే పాతకాలపు పనితనం ఎంత గొప్పదైనా దానికి ఈ లోపాలు దొరకవు. కంపెనీ స్కానరు ఉన్న వర్క్‌షాపుకే బండి చేరాలి.

ఆ వర్క్‌షాపు ఎక్కడుంది అన్నదే హుస్నాబాద్ వాసికి ముఖ్యమైన లెక్క. మొదట కరీంనగర్ జిల్లాలో ఉండి 2016 అక్టోబరులో సిద్దిపేట జిల్లాలోకి వచ్చిన ఈ పట్టణం, కరీంనగర్, హనుమకొండ, సిద్దిపేటలకు మధ్యలో, ఒక్కోదానికీ ఇంచుమించు 40, 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఉచితంగా లాగే దూరానికి ఒప్పందాల్లో పెట్టే హద్దు కూడా తరచుగా ఈ అంకెల చుట్టుపక్కలే ఉంటుంది. పరిమితి 50 కిలోమీటర్లయితే ఊళ్లో ఆగిన బండి మూడు పట్టణాల్లో ఎక్కడికైనా చేరుతుంది. 25 అయితే ఒక్కదానికీ చేరదు, మిగిలిన దూరానికి కిలోమీటరుకింత అని క్రేన్ యజమానికి ముట్టజెప్పాలి. ఇక ఆ కిలోమీటర్లను ఎక్కడినుంచి లెక్కపెడతారన్నది మరో చిక్కు. బండి ఆగిన చోటినుంచి వర్క్‌షాపుదాకానా, లేక క్రేన్ తన షెడ్డు నుంచి బయలుదేరి వచ్చి, లాగి, తిరిగి వెళ్లేదాకానా? రెండో పద్ధతిలో 50 కిలోమీటర్ల రక్షణ వాస్తవానికి ఇరవై కిలోమీటర్లకే హరించుకుపోవచ్చు. అమ్మే మనిషిని అడగవలసిన మొదటి ప్రశ్న ఇది, దానికి జవాబు నోటిమాటగా కాక పత్రంలో చూపించమనాలి.

పత్రంలో ‘సమీప అధీకృత వర్క్‌షాపు’ అన్న మూడు మాటలు దాదాపు ఖాయంగా కనిపిస్తాయి. ఎవరి అధీకృతం? బండి తయారీ కంపెనీ గుర్తించినదా, సేవా సంస్థతో ఒప్పందం ఉన్న ఏదో ఒక గ్యారేజీనా? సమీపమన్నది ఆగిన చోటికా, ఇంటికా? హుస్నాబాద్ కుటుంబం కేస్లాపూర్ వెళ్లి ఇంద్రవెల్లి దగ్గర ఆగిపోతే వారికి సమీప పెద్ద పట్టణం ఆదిలాబాద్. బండి అక్కడి షెడ్డులో వారం రోజులు ఉండిపోతే, ఇంటివారు నిర్మల్ మీదుగా బస్సులు మారి ఊరు చేరి, మళ్లీ బండి కోసం అంత దూరమూ వెళ్లాలి. బండిని ఆగిన చోటినుంచి యజమాని కోరిన ఊరికి, అంటే సొంతూరికి, చేర్చే హామీ ఉన్న పథకానికి ధర ఎక్కువే ఉంటుంది. ఏడాదిలో తొంభై పాళ్లు కరీంనగర్, హనుమకొండల మధ్యే తిరిగే కారుకు ఆ అదనపు ధర దండగ. జాతరలకూ తీర్థాలకూ తిరిగే బండికి మాత్రం మిగతా సేవలన్నీ వదులుకొనైనా కొనదగినది అదొక్కటే.

దూరం తర్వాత చూసుకోవలసింది బరువు, ఇక్కడే మోటర్‌హోమ్ మామూలు కారు నుంచి పూర్తిగా విడిపోతుంది. ఇంగ్లండులో సాధారణ రక్షణ పథకాల్లో చాలావాటికి 3.5 టన్నులు గరిష్ఠ హద్దు, దాంతోపాటు పొడవుకూ వెడల్పుకూ హద్దులు ఉంటాయి. అంతకు మించిన మోటర్‌హోమ్‌కు ప్రత్యేక పథకం తీసుకోవాలి. అమెరికాలో ఎల్లోస్టోన్‌కో గ్రాండ్ కేన్యన్‌కో ఆర్‌వీ, అంటే మోటర్‌హోమ్, అద్దెకు తీసుకొని బయలుదేరే తెలుగు కుటుంబాలు కూడా, తమ కారుకున్న మోటారు క్లబ్బు సభ్యత్వం ఆ పెద్ద బండికి వర్తిస్తుందని అనుకోకూడదు. అక్కడి ప్రధాన క్లబ్బులో ఆర్‌వీకి అదనపు శ్రేణి వేరుగా తీసుకోవాలి. మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సు విషయంలో లైట్ మోటార్ వెహికల్ అన్న తరగతి 7,500 కిలోల దాకా వెళ్తుంది. ఆ లైసెన్సు ఉన్నవారు అదే బరువులోపు రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. అయితే లైసెన్సు అనుమతించిన బరువు వేరు, వచ్చిన క్రేన్ మోయగలిగిన బరువు వేరు.

బండి రిజిస్ట్రేషన్ పత్రమైన ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఖాళీ బండి బరువు అన్‌లేడెన్ వెయిట్. మనుషులు, సామాను, ఇంధనంతో కలిపి ఆ బండికి అనుమతించిన గరిష్ఠ బరువు గ్రాస్ వెహికల్ వెయిట్. పథకం హద్దును పోల్చవలసింది రెండో అంకెతో. కాని ఇల్లుగా మార్చిన వ్యాన్‌లో అసలు బరువు ఈ రెండు అంకెలకూ లొంగదు. వంద లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే వంద కిలోలు, 14.2 కిలోల గ్యాసున్న వంట సిలిండరు ఇనుముతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది. ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టిన అదనపు బ్యాటరీ, చెక్క అల్మారాలు, పరుపులు, బియ్యం మూటలు, టాపు మీది సామాను వీటికి తోడు. దీన్ని ఊహతో తేల్చనక్కరలేదు. ప్రయాణానికి సిద్ధం చేసిన బండిని, ఎక్కవలసిన మనుషులతో సహా ఒక్కసారి ధర్మకాంటా మీదికి ఎక్కిస్తే చాలు. వడ్లూ పత్తీ తూచే వే బ్రిడ్జిలు ఈ ప్రాంతంలో ఏ ఊరికైనా దగ్గరే. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి తూచితే వెనక ఇరుసు మీద ఎంత భారం పడుతోందో తీసివేతలో తేలుతుంది. వెనక భాగంలోనే వంటగదీ నీళ్ల ట్యాంకూ పెట్టిన బండ్లలో మొత్తం బరువు హద్దులోనే ఉన్నా వెనక ఇరుసు ఒక్కటే మోయలేనంత మోస్తుంటుంది. టైర్లు పేలడానికీ, కమానుపట్టీలు విరగడానికీ ఇది పెద్ద కారణం.

లాగే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. తాడో రాడో కట్టి లాగడం, ఇక్కడి వాడుకలో టోచన్, బ్రేకు, స్టీరింగు బాగా ఉన్నప్పుడే పనికొస్తుంది. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగు, బ్రేకు బూస్టరు రెండూ పనిచేయవు కనుక బరువైన బండిని అలా లాగడం ప్రమాదకరం. ముందు చక్రాలను ఎత్తి లాగే క్రేన్ వచ్చినప్పుడు, వెనక చక్రాలకు శక్తి అందే వ్యాన్లలో ఆ చక్రాలు తిరుగుతూ గేరుబాక్సును కూడా తిప్పుతాయి; దూరం ఎక్కువైతే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలి, లేకపోతే చిన్న లోపంతో బయలుదేరిన బండి పెద్ద లోపంతో చేరుతుంది. బండి మొత్తాన్ని వీపు మీద ఎక్కించుకొని పోయే ఫ్లాట్‌బెడ్ అన్నిటికంటే క్షేమమే గాని, టాపు మీద ట్యాంకు, క్యారియరు ఉన్న ఎత్తైన వ్యాన్ దాని మీదికెక్కితే మొత్తం ఎత్తు పెరిగి, దారిలో రైల్వే వంతెన కింద దూరకపోవచ్చు, పల్లెల్లో వేలాడే తీగలు తగలవచ్చు. పథకం తీసుకునేటప్పుడే టాపు సామానుతో సహా బండి ఎత్తును టేపుతో కొలిచి నమోదు చేయించడం అందుకే మేలు.

వ్యాన్‌ను కొని లోపల సీట్లు తీసేసి మంచాలూ వంటగట్టూ పెట్టించిన యజమానులు ఇంకో చిక్కులో ఉంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నమైన మార్పులను ఇష్టం వచ్చినట్లు చేయడానికి వీల్లేదు, అనుమతి ఉన్న మార్పును ఆర్‌సీలోకి ఎక్కించుకోవాలి. ఎక్కించని మార్పు బీమా కంపెనీకి క్లెయిమ్ తిరస్కరించే సాకు, సేవా సంస్థకు రాకుండా ఉండే సాకు కూడా అవుతుంది. జాతరకు డీసీఎం వ్యాన్‌లోనో ట్రాక్టరు ట్రాలీలోనో ముప్పైమంది ఎక్కి వెళ్లే పద్ధతి ఎంత ఆనవాయితీ అయినా, సరుకు రవాణాకు పర్మిట్ ఉన్న బండిలో మనుషులను తీసుకుపోవడం నిబంధనల ఉల్లంఘనే. ఆ స్థితిలో ఏ రక్షణ పత్రాన్నీ నమ్ముకోవడానికి లేదు. సొంత కారును కిరాయికి తిప్పినా ఇదే మాట.

బండి లోపలి మనుషుల సంగతి ఒప్పందంలో చివరి పేజీల్లో ఉంటుంది. ఆగిన చోటినుంచి ఇంటికి టాక్సీ, రాత్రయితే లాడ్జి గది, మరుసటి రోజుకు బదులు వాహనం వంటివి కొన్ని పథకాల్లో ఉంటాయి. వీటికి ‘ఇంటినుంచి ఇన్ని కిలోమీటర్ల అవతల ఆగితేనే’ అన్న షరతు తోడుగా ఉంటుంది. మోటర్‌హోమ్ వారికి మంచం బండిలోనే ఉంది కదా అనిపించవచ్చు. అయితే బండిని ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించాక అందులో మనుషులు కూర్చోకూడదు, వర్క్‌షాపు గేటు మూశాక అందులో పడుకోనివ్వరు, క్రేన్ క్యాబిన్‌లో ఇద్దరికి మించి చోటుండదు. ముసలివాళ్లూ పసిపిల్లలూ సహా ఎనిమిదిమంది ఒకేసారి ఇల్లూ బండీ రెండూ కోల్పోతారు. కారుకు అదనపు సౌకర్యంగా కనిపించే ఈ సేవ ఇల్లయిన బండికి ముఖ్య సేవ కావడం ఇందువల్లనే.

జాతర రోజుల్లో ఏ పథకమైనా తన బలంలో సగం కోల్పోతుందన్నది ఒప్పుకోవలసిన నిజం. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగిన మేడారం జాతర వంటి సమయాల్లో వాహనాలను ఒక దారిన లోపలికి, మరో దారిన బయటికి పంపుతారు. మేడారం దారిలో పస్రా దాటాక ఎదురుగా క్రేన్ రావడం కష్టం, అడవిలో ఫోను సిగ్నలు అందడం ఇంకా కష్టం. ఆర్టీసీ తన బస్సుల కోసం మేడారంలో తాత్కాలిక బస్‌స్టేషన్‌తోపాటు మరమ్మతు సిబ్బందిని కూడా పెట్టుకోవడానికి కారణం ఇదే: పిలిస్తే వచ్చే సాయం మీద ఆధారపడకుండా సాయాన్ని ముందే అక్కడికి చేర్చడం. సొంత బండివారికి అంత ఏర్పాటు సాధ్యం కాదు గాని, ములుగులోనో హనుమకొండలోనో ఉన్న ఒక క్రేన్ యజమాని నంబరును బయలుదేరకముందే రాసిపెట్టుకోవచ్చు, స్వయంగా పిలిపించుకున్న క్రేన్ ఖర్చును తర్వాత తిరిగి చెల్లించే నిబంధన తమ పథకంలో ఉందో లేదో చూసుకోవచ్చు. తమ మనిషి రాలేనప్పుడు రశీదు తీసుకొని డబ్బు ఇచ్చే పథకం, అంతా తామే చేస్తామనే పథకం కంటే ఇలాంటి చోట్ల నమ్మదగినది.

వానాకాలంలో ఇంకో భేదం గుర్తుంచుకోవాలి. వాగు పారుతున్న లోలెవల్ వంతెన మీద ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఆగితే, క్రేన్ పంపడం రోడ్‌సైడ్ అసిస్టెన్స్ పని. నీళ్లు పోయిన ఇంజిన్‌ను బాగుచేయించే ఖర్చు ఇంజిన్ ప్రొటెక్షన్ అనే వేరే యాడ్-ఆన్ కిందికి వస్తుంది. ఆగిన ఇంజిన్‌ను మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయబోతే లోపలి నీళ్లకు కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టాన్ని యజమాని అజాగ్రత్తగా చూపే అవకాశం ఉంది. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి గ్రామాన్ని ముంచెత్తిన ఉదంతం తెలిసిన ప్రాంతంలో ఈ యాడ్-ఆన్ అక్కరలేదని ఎవరూ అనరు.

మాట ఇచ్చినవారు రాకపోతే ఎక్కడ అడగాలన్నది కూడా కొనేటప్పుడే తేలిపోతుంది. బీమాకు జోడించిన యాడ్-ఆన్ అయితే ముందు కంపెనీకి, తర్వాత బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా వేదికకు, దాని 155255 నంబరుకు, ఆపైన హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. విడిగా కొన్న సభ్యత్వం బీమా కాదు, సేవా ఒప్పందం. దానికి అంబుడ్స్‌మన్ లేడు, 1915 వినియోగదారుల సహాయ నంబరు, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. రెండుచోట్లా గెలిపించేది కాలం లెక్క: ఎన్ని గంటలకు ఫోన్ చేశారు, ఏ ఫిర్యాదు నంబరు ఇచ్చారు, ఎన్ని గంటలకు మనిషి వచ్చాడు. ఈ లెక్క పోలీసుల ముందు కూడా అక్కరకొస్తుంది. రాకపోకలకు అడ్డంగా నిలిపిన బండికి జరిమానా విధించే మోటారు వాహనాల చట్టం 201వ సెక్షన్‌కు 2019లో చేసిన సవరణ, అనుకోకుండా చెడిపోయి తొలగింపు ప్రక్రియలో ఉన్న బండికి ఆ జరిమానా వర్తించదని చెబుతోంది. తొలగింపు మొదలైందనడానికి ఫిర్యాదు నంబరుతో ఫోనుకు వచ్చిన సందేశమే రుజువు.

ఫోన్ ఎత్తినవారు మొదట అడిగేది ఎక్కడున్నారని. సిగ్నలు లేక మ్యాపు తెరుచుకోనప్పుడు రోడ్డు పక్క కిలోమీటరు రాయి ఆ జవాబు చెబుతుంది: దాని మీద ఊరి పేరూ దూరమూ ఉంటాయి, తల రంగు ఆ రోడ్డు ఎవరిదో తెలుపుతుంది. పసుపు తల జాతీయ రహదారి, అక్కడ 1033కు కూడా చెప్పవచ్చు; ఆకుపచ్చ తల రాష్ట్ర రహదారి; నారింజ తల ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. పల్లె రోడ్డు మీద ఉన్నప్పుడు, పెద్ద క్రేన్ అక్కడ తిరగడానికి చోటుందో లేదో కూడా ఆ ఫోన్‌లోనే చెప్పాలి.